లీకు హ్యాచ్‌ది కాదు, చైన్‌ప్లేట్‌ది

కెనరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ నుంచి అట్లాంటిక్ దాటి కరీబియన్‌లోని సెయింట్ లూసియాకి ఒంటరిగా 2,700 నాటికల్ మైళ్లు పోవాలి, నా బోటులోనేమో డెక్ కడిగినప్పుడల్లా బెడ్ తడుస్తోంది. హ్యాచ్, అంటే డెక్ మీది మూత తలుపు, అదే కారుతోందనుకుని రెండుసార్లు సిలికాన్ పూశా, దండగ. చివరికి కింద నుంచి మొదలెట్టి కొంచెం కొంచెం నీళ్లు పోస్తూ చూస్తే, మాస్ట్‌ని, అంటే తెరచాప స్తంభాన్ని, నిలబెట్టే వైర్లు తగిలించే స్టీలు పట్టీ, అదే చైన్‌ప్లేట్, డెక్‌లోంచి దిగే చోట కారుతోంది. పైకి తళతళ మెరుస్తోంది గానీ ఊడదీసి చూస్తే లోపల సన్న పగులు! స్టెయిన్‌లెస్ అయినా గాలాడని చోట ఉప్పునీళ్లు నిలిస్తే తినేస్తుంది, అది తెగితే మాస్టే పోతుంది. కొత్తవి ఉప్పునీళ్లని బాగా తట్టుకునే 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్‌లో చేయించా, పాత సీలెంట్ మొత్తం గీకి అసిటోన్‌తో తుడిచి బ్యూటైల్ టేప్ (జిగురుగా సాగే రబ్బరు పట్టీ) చుట్టి బిగించా, ఒకేసారి కాదు, రోజుకి కాస్త, పక్కలకి పొంగింది కోసేస్తూ. నాలుగో రోజు పైపు పెట్టి అరగంట నీళ్లు కొట్టా, చుక్క రాలేదు. దుప్పటి మాత్రం ఇంకా ముక్క వాసనే.