పన్నెండు కొట్టేదాకా: ‘హై నూన్’ చూసి ఎడిటింగ్ నేర్చుకోవడం ఎలా

రాజమండ్రిలో పదేళ్లకు పైగా పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్నాను. పని నేర్చుకోవడానికి ఎవరొచ్చినా మొదటి వారం కంప్యూటర్ ముట్టుకోనివ్వను. ముందు ‘హై నూన్’ చూడమంటాను. 1952 నాటి నలుపు తెలుపు సినిమా, 85 నిమిషాలు. కృష్ణ గారి కౌబాయ్ సినిమాలు చూసి పెరిగినవాళ్లు గుర్రాల పరుగులు, తుపాకుల మోతలు ఉంటాయనుకుని కూర్చుంటారు. ఇందులో కాల్పులు చివర్లోగానీ మొదలవవు. అయినా అరచేతుల్లో చెమట పడుతుంది. అది ఎందుకు పడుతోందో పట్టుకోవాలి.

కథ చిన్నది. హేడ్లీవిల్ అనే ఊళ్లో మార్షల్ (ఊరి పోలీసు అధికారి) విల్ కేన్ ఆ ఉదయమే పెళ్లి చేసుకుని, ఉద్యోగం వదిలేసి భార్యతో వెళ్లిపోబోతున్నాడు. ఒకప్పుడు అతను జైలుకు పంపిన ఫ్రాంక్ మిల్లర్ విడుదలై, మధ్యాహ్నం పన్నెండు గంటల రైలుకు దిగుతున్నాడని కబురొస్తుంది. మిల్లర్ మనుషులు ముగ్గురు అప్పటికే స్టేషన్లో కాచుకుని ఉన్నారు. కేన్ తోడు రమ్మని ఊరంతా తిరుగుతాడు. ఆఖరికి ఒంటరిగా మిగులుతాడు.

మొదటిసారి ఆదివారం పొద్దున్న 10:50కి మొదలుపెట్టండి. కథ జరిగేదీ ఆదివారమే. కథలో గడిచే కాలం దాదాపు సినిమా నిడివితో సమానంగా నడుస్తుంది. రైలు కూత వినిపించేది గంట దాటాక. అప్పటికి మీ గోడ గడియారం కూడా పన్నెండు దగ్గరికి వచ్చి ఉంటుంది. ఫోన్ పక్క గదిలో పెట్టేయండి. మధ్యలో కాఫీకి లేస్తే టెన్షన్ తెగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి చూడాల్సిందే.

రెండోసారి సౌండ్ తీసేసి, కాగితం, పెన్ను పెట్టుకోండి. గడియారం కనిపించినప్పుడల్లా ఒక గీత గీయండి, ఖాళీ రైలు పట్టాలు కనిపించినప్పుడల్లా ఒక చుక్క పెట్టండి. పట్టాల షాట్‌లో కెమెరా కదలదు. కేన్ మాత్రం అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు. పన్నెండు దగ్గరపడేకొద్దీ గడియారాలు తెరమీద పెద్దవవుతాయి. ఆకాశం కూడా చూడండి. కెమెరామన్ ఫ్లాయిడ్ క్రాస్బీ, దర్శకుడు ఫ్రెడ్ జిన్నెమన్ కలిసి అమెరికా అంతర్యుద్ధం నాటి పాత ఫోటోల్లా దాన్ని తెల్లగా, బోసిగా వదిలేశారు. అందమైన మబ్బులు ఉండి ఉంటే కేన్ ఒంటరితనం ఇంతగా కనిపించేది కాదు. ప్రతి షాట్‌కీ రంగులు దట్టించాలని చెయ్యి లాగుతుంది చూశారూ, అప్పుడు ఈ ఆకాశాన్ని గుర్తు తెచ్చుకోండి.

చర్చి సీన్‌కి మాత్రం సౌండ్ పెట్టండి. మొదట కొందరు సాయానికి లేస్తారు. ఎవరో ఒక అనుమానం లేవదీస్తారు, వాదన ముదురుతుంది. చివరికి మేయర్ కేన్‌ని ఎంతో మెచ్చుకుని, ఊరు విడిచి వెళ్లమంటాడు. మాట్లాడేవాళ్ల మీద ఎంతసేపు ఉన్నారు, వింటున్న కేన్ (నటుడు గ్యారీ కూపర్) ముఖానికి ఎప్పుడు కట్ చేశారు, సెకన్లతో సహా రాసుకోండి. ఈ సినిమాకి స్క్రీన్‌ప్లే రాసిన కార్ల్ ఫోర్‌మన్‌ని 1951లో కమ్యూనిస్టు సంబంధాల విషయమై అమెరికా పార్లమెంటు కమిటీ పిలిపించింది. దగ్గరివాళ్లు దూరమైన ఆ బాధ ఈ సీన్లో ఉందని చూసిన ప్రతిసారీ నాకనిపిస్తుంది.

మూడోసారి పన్నెండుకు ముందున్న ఘట్టం ఒక్కటే చూడండి. కేన్ వీలునామా రాస్తుంటాడు. లోలకం, చర్చిలో తలలు దించుకున్న జనం, సారాకొట్టులో ముఖాలు, పట్టాలు, ఖాళీ వీధి, ఒకప్పుడు మిల్లర్ కూర్చుని పగ తీర్చుకుంటానన్న ఖాళీ కుర్చీ. దిమిత్రి టియోమ్‌కిన్ సంగీతం దెబ్బకూ కట్‌కూ పొంతన చూడండి, వేలితో బల్ల మీద కొడుతూ లెక్కపెట్టండి. సంగీతం ఆగుతుంది, రైలు కూస్తుంది. ఎల్మో విలియమ్స్, హ్యారీ గెర్‌స్టాడ్‌లకు ఎడిటింగ్ ఆస్కార్ ఈ సినిమాకే వచ్చింది. ఈ ఒక్క ఘట్టానికే ఇవ్వొచ్చంటాను నేను.

దీన్ని మన పనిలో ఎలా వాడాలో నాకు ఒక పెళ్లికూతురి నాన్నగారి వల్ల తెలిసింది. ముహూర్తానికి డ్రోన్ షాట్లు, స్లో మోషన్ అన్నీ వేసి చూపించాను. “ఆ వేళ మేం పడ్డ ఆత్రం ఇందులో లేదమ్మా” అన్నారాయన. రాత్రి ఇంటికెళ్లి ఆ ఘట్టం మళ్లీ చూశాను. పొద్దున్నే డ్రోన్ షాట్లన్నీ తీసేశాను. పంతులుగారి చేతి గడియారం, జీలకర్ర బెల్లం పట్టుకున్న వేళ్లు, అడ్డుతెర అంచు, పంతులుగారి సైగ కోసం మెడ చాచి చూస్తున్న డోలు ఆయన. అంతే, ఒక్కో షాట్ ముందుదానికంటే కాస్త పొట్టిగా.

మీరూ మీ దగ్గరున్న ఏ పెళ్లి ఫుటేజీతోనైనా ఇలాంటి పన్నెండు షాట్లు కట్ చేయండి. గట్టిమేళానికి ముందు ఒక్క సెకను చప్పుడు లేకుండా వదలండి.