అట్లాంటాకు కొత్తగా వస్తున్న మనవాళ్ళకు: ఇల్లు వెతుక్కునే ముందు ఈ నేల కథ

మీరు దిగే ఎయిర్‌పోర్టు పేరుతోనే మొదలుపెడతాను. హార్ట్స్‌ఫీల్డ్-జాక్సన్. అందులో జాక్సన్ అంటే మేనార్డ్ జాక్సన్, అట్లాంటాకు మొదటి నల్లజాతి మేయర్. 1973 ఎన్నికల్లో గెలిచారు. కొత్త టెర్మినల్ కట్టేటప్పుడు కాంట్రాక్టుల్లో నాలుగో వంతు మైనారిటీ వ్యాపారులకు దక్కాలని పట్టుబట్టారు. ఊళ్ళో పెద్ద పెద్దవాళ్ళు వ్యతిరేకించినా ఆయన తగ్గలేదు. 1980లో ఆ టెర్మినల్ తెరుచుకుంది. ఆయన పోయాక 2003లో ఎయిర్‌పోర్టుకు ఆయన పేరు కూడా కలిపారు. రెండు సూట్‌కేసులతో, ఆవకాయ సీసాలతో మనం ఈ దేశంలోకి నడిచి వచ్చే దారి అదే.

సోషల్ సెక్యూరిటీ నంబరు, డ్రైవింగ్ లైసెన్సు, క్రెడిట్ కార్డు గురించి చెప్పేవాళ్ళు మీకు చాలామంది దొరుకుతారు. నేను రాస్తున్నది ఎవరూ సరిగ్గా చెప్పని సంగతి గురించి. నిజానికి చెప్తారు, కానీ తప్పుగా చెప్తారు. నేను వచ్చిన రోజు ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి వెళ్తుంటే కారులోనే ఒకాయన జాగ్రత్తలు చెప్పాడు: "ఆ వైపు వెళ్ళకు, నల్లోళ్ళు ఎక్కువ. గ్యాస్ కొట్టించుకోవడానికి కూడా ఆగకు." మంచి మనసుతోనే చెప్పాడు. నేనూ నమ్మాను. అలా నాలుగేళ్ళు ఈ ఊళ్ళో సగం చూడకుండానే బతికాను. మీకు ఆ నాలుగేళ్ళు వృథా కాకూడదని ఇది రాస్తున్నాను.

మనం ఇళ్ళు కొనే ఫోర్సిత్ కౌంటీ

ఉద్యోగం కుదిరి, పిల్లలు బడికి వెళ్ళే వయసు రాగానే మనవాళ్ళు వెతికే పేర్లు నాలుగైదే: ఆల్ఫరెట్టా, జాన్స్ క్రీక్, సువానీ, కమ్మింగ్. కమ్మింగ్ ఉండేది ఫోర్సిత్ కౌంటీలో. మంచి బడులు, కొత్త ఇళ్ళు, వీధికి నాలుగు తెలుగు ఇళ్ళు, దసరాకు బొమ్మల కొలువులు. నేనూ అక్కడే కొన్నాను.

కొన్న వారం ఆఫీసులో స్వీట్లు పంచాను. మా టీంలో ఒక పెద్దాయన ఉండేవారు. దక్షిణ అట్లాంటాలో పుట్టి పెరిగిన నల్లజాతి మనిషి, నాకు పని నేర్పినవారు. "ఎక్కడ కొన్నావు?" అని అడిగారు. ఫోర్సిత్ అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పారు: "నా చిన్నప్పుడు ఆ మీదుగా వెళ్ళాల్సి వస్తే, మా అమ్మమ్మ బండిని ఎక్కడా ఆపనిచ్చేది కాదు. చీకటి పడేలోపు దాటేయాలి." నేను కారులో విన్న జాగ్రత్తే అది, తిరగేసి. ఆమె మాటకు మాత్రం కారణం ఉంది.

ఆ రాత్రి కూర్చుని చదివాను. 1912 సెప్టెంబరులో ఫోర్సిత్‌లో ఒక తెల్ల యువతి మీద దాడి జరిగింది, తర్వాత ఆమె చనిపోయింది. ఆ నేరం అంటగట్టి రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి యువకుణ్ణి గుంపు కమ్మింగ్ జైలు నుంచి బయటికి లాగి చంపి, ఊరి నడిమధ్య స్తంభానికి వేలాడదీసింది. ఎర్నెస్ట్ నాక్స్, ఆస్కార్ డేనియల్ అనే ఇద్దరు కుర్రాళ్ళకు హడావుడిగా విచారణ ముగించి అక్టోబరు 25న వేల మంది చూస్తుండగా ఉరి వేశారు. అంతటితో ఆగలేదు. రాత్రిపూట గుర్రాల మీద వచ్చి నల్లజాతివారి ఇళ్ళ మీద కాల్పులు జరిపారు, చర్చిలు తగలబెట్టారు. 1910 జనాభా లెక్కల్లో ఆ కౌంటీలో ఉన్న నల్లజాతివారు 1,098 మంది. కొన్ని వారాల్లో దాదాపు అందరినీ తరిమేశారు. సొంత పొలాలున్నవాళ్ళు అయినకాడికి అమ్ముకున్నారు. అమ్ముకోవడానికి కూడా వ్యవధి లేనివాళ్ళ భూమిని ఇరుగుపొరుగు తెల్లవాళ్ళు కలుపుకున్నారు.

పొలం పోవడమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఒక తరంలో రెండెకరాలు పోతే మూడు తరాలు లేవలేని కుటుంబాలు మన ఊళ్ళలోనే ఉన్నాయి.

ఆ తర్వాత డెబ్భై ఏళ్ళకు పైగా అది తెల్లవాళ్ళ కౌంటీగానే ఉండిపోయింది. 1987 జనవరి 17న పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ నాయకత్వంలో చిన్న ఊరేగింపు వస్తే రాళ్ళు, సీసాలు విసిరారు. వారం తిరక్కుండా, జనవరి 24న, దాదాపు 20,000 మంది అదే కమ్మింగ్‌లో నడిచారు. వాళ్ళకు కాపలాగా నేషనల్ గార్డ్ దిగింది. ఇది మన పుట్టుకకు ముందెప్పుడో జరిగింది కాదు. మీరు నలభై దాటినవారైతే అప్పటికి మీరు పుట్టే ఉన్నారు.

లాంగ్ వీకెండ్ వస్తే మనవాళ్ళు బోటింగుకు, వంటలతో పిక్నిక్కులకు వెళ్ళే లేక్ లేనియర్ కూడా ఈ కథలో భాగమే. 1950ల్లో బ్యూఫోర్డ్ డ్యామ్ కట్టాక, 1912 గొడవ మొదలైన ఆస్కర్‌విల్ చుట్టుపక్కల భూమి కొంత ఆ నీటి కిందకు పోయింది.

2020 జనాభా లెక్కల్లో ఫోర్సిత్ జనాభా 2,51,283. అందులో మన భారతీయుల వాటా పెద్దది. నల్లజాతివారు నూటికి అయిదుగురు కూడా లేరు. "ఇక్కడ వాళ్ళు తక్కువండి, సేఫ్" అని మనవాళ్ళు చెప్పుకునే ప్రతిసారీ నాకు ఆ 1,098 గుర్తొస్తుంది. వాళ్ళు ఎందుకు తక్కువో తెలిశాక ఆ మాట నోట రాదు.

ఇల్లు కొనొద్దని నేను అనడం లేదు. నేను అదే ఇంట్లో ఉంటున్నాను. తెలుసుకుని ఉండండి అంటున్నాను.

ఏజెంటు తెలుగులో చెప్పే మాట

1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపారు. సరిగ్గా వారానికి ఫెయిర్ హౌసింగ్ చట్టం మీద సంతకం పడింది. దాని ప్రకారం ఫలానా చోట ఏ జాతివాళ్ళు ఉంటారో చూపించి ఏజెంటు మిమ్మల్ని ఒక వైపు నడిపించకూడదు. ఇంగ్లీషులో ఎవరూ అలా చెప్పరు. తెలుగులో మాత్రం కొందరు మొహమాటం లేకుండా చెప్పేస్తారు: "అక్కడ మనవాళ్ళే అండి, నల్లోళ్ళు లేరు." భాష మారినంత మాత్రాన చట్టం మారదు. మీరూ అడక్కండి. హైదరాబాద్‌లో, విజయవాడలో ఇల్లు అద్దెకు అడిగితే "మీరేమిట్లు?" అని ఎదురు అడిగించుకున్నవాళ్ళకు ఆ ప్రశ్న ఎలా గుచ్చుకుంటుందో తెలుసు.

"కష్టపడితే ఎవరైనా పైకి రావచ్చు, మనం రాలేదా?" అనే మాట కూడా పాట్‌లక్‌లలో వింటారు. దానికి జవాబు మ్యాపుల్లో ఉంది. 1930ల్లో ప్రభుత్వమే నగరాలకు మ్యాపులు గీయించి నల్లజాతివారి పేటలకు ఎర్ర రంగు పూయించింది. ఎరుపు ఉన్నచోట ఇంటి అప్పు పుట్టడం గగనం. ఈ దేశంలో మధ్యతరగతి ఆస్తి అంటే ముఖ్యంగా ఇల్లే. తాత కొనలేకపోతే మనవడికి ఏం మిగులుతుంది?

"ఈ ఊరికి మెట్రో లేదేమిటి?" అని కొత్తవాళ్ళందరూ అడుగుతారు. సిటీలో మార్టా అనే మెట్రో రైలు ఉంది కానీ, ఉత్తరాన నార్త్ స్ప్రింగ్స్ దగ్గరే ఆగిపోతుంది. 1971 ఓటింగులో ఫుల్టన్, డికాల్బ్ కౌంటీలు మార్టాకు సరేనన్నాయి, గ్విన్నెట్, క్లేటన్ కాదన్నాయి. కాబ్ అంతకు ముందే 1965లో వద్దంది. రైలు వేస్తే సిటీలోని నల్లజాతివారు ఇటు వస్తారన్న భయం దానికి పెద్ద కారణం. రోజూ జీఏ 400 హైవే మీద గంట సేపు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మీరు కడుతున్నది ఆ పాత భయానికి బాకీ.

మన వీసా వెనక ఎవరున్నారు

1965కు ముందు భారతదేశం నుంచి స్థిరపడటానికి వచ్చేవాళ్ళకు ఈ దేశం ఇచ్చిన కోటా ఏడాదికి సుమారు వంద మంది. అదీ 1946 నుంచి. అంతకు ముందు 1923లో సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు తెల్లవారు కారని తేల్చి పౌరసత్వం లేదు పొమ్మంది.

1965 మార్చి 7న అలబామాలోని సెల్మాలో ఓటు హక్కు కోసం నడుస్తున్నవాళ్ళను పోలీసులు లాఠీలతో కొట్టారు. జాన్ లూయిస్ అనే కుర్రాడి తల పగిలింది. ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది. రెండు నెలలు తిరక్కముందే, అక్టోబరు 3న, దేశాన్నిబట్టి కోటాలు పెట్టే పద్ధతిని ఎత్తేసే ఇమ్మిగ్రేషన్ చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేశాడు. పుట్టుకనుబట్టి మనిషిని తక్కువ చేయకూడదని వీధుల్లో దెబ్బలు తిన్నవాళ్ళు సాధించిన వాతావరణంలోనే ఆ తలుపు తెరుచుకుంది. మన డాక్టర్లు, ఇంజనీర్లు ఆ తలుపులోంచే వచ్చారు. జాన్ లూయిస్ తర్వాత 1987 నుంచి 2020లో చనిపోయేదాకా అట్లాంటా తరఫున కాంగ్రెస్ సభ్యుడిగా ఉన్నారు.

కింగ్ 1959లో భారతదేశం వచ్చినప్పుడు త్రివేండ్రంలో ఒక బడికి వెళ్ళారు. అక్కడి హెడ్మాస్టరు ఆయన్ని దళిత పిల్లలకు అమెరికా నుంచి వచ్చిన మరో అంటరానివాడుగా పరిచయం చేశాడు. మొదట ఉలిక్కిపడ్డాననీ, తర్వాత ఆలోచిస్తే అది నిజమేననిపించిందనీ కింగ్ 1965 జులై 4న అట్లాంటాలోని తన ఎబెనేజర్ చర్చిలో చెప్పారు. అంబేడ్కర్ 1940ల్లోనే నల్లజాతి మేధావి డబ్ల్యూ. ఇ. బి. డుబోయిస్‌కు ఉత్తరం రాశారు, ఆయన జవాబిచ్చారు. ఆ డుబోయిస్ చాలా ఏళ్ళు పాఠాలు చెప్పింది ఈ అట్లాంటాలోనే.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళకు ఇంకో మాట. ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం కొలువులో ఉన్న ఆఫ్రికా సంతతి సిద్దీలు ఉన్న పేట అది. హబ్సిగూడ పేరు కూడా హబ్షీల నుంచే, అంటే ఆ ఆఫ్రికా సంతతివారి నుంచే వచ్చిందంటారు. బరాత్‌లో వాళ్ళ మర్ఫా డప్పులు మోగితే ఎగిరిన కాళ్ళు మనవి. వాళ్ళు మనకు కొత్తవాళ్ళు కారు.

నోటి మాట

ముందు మానుకోవలసినవి: "నల్లోడు", "కల్లూ". లిఫ్టులో, కాస్ట్‌కో లైనులో తెలుగులో అంటే వాళ్ళకేం తెలుస్తుందిలే అనుకోకండి. పదేళ్ళు మనవాళ్ళతో పని చేసినవాళ్ళకు ఆ మాటలు తెలుసు, తెలియకపోయినా చూపు తెలుస్తుంది. పాత తెలుగు పుస్తకాల్లో ఉండే "నీగ్రో" కూడా వద్దు. బ్లాక్ అనండి, ఆఫ్రికన్ అమెరికన్ అనండి. 'ఎన్'తో మొదలయ్యే మాట పాటలో వచ్చినా పలకొద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. జుట్టు బాగుందని చెయ్యి పెట్టి చూడకండి.

ఇంట్లో మాట ఇంకా ముఖ్యం. "ఎండలో ఆడకు, నల్లబడతావ్" అని రోజూ వినే పిల్ల, బడిలో తన పక్కన కూర్చున్న నల్లజాతి పాపను ఎలా చూస్తుంది?

అమ్మానాన్నలు వచ్చినప్పుడు

ఇది చదివి మర్చిపోకండి. 2015 ఫిబ్రవరిలో అలబామాలోని మ్యాడిసన్‌లో, మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన 57 ఏళ్ళ ఒక తండ్రి, పొద్దున్నే కొడుకు ఇంటి చుట్టుపక్కల నడుస్తున్నారు. ఎవరో పోలీసులకు ఫోన్ చేసి సన్నగా ఉన్న నల్లవాడు తిరుగుతున్నాడని చెప్పారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఒక పోలీసు ఆయన్ని నేలకేసి కొట్టాడు, వెన్నుకు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. కేసు నడిచింది కానీ ఆ పోలీసుకు శిక్ష పడలేదు.

అందుకని అమ్మానాన్నలు వాకింగుకు వెళ్తే జేబులో అడ్రసు, మీ ఫోన్ నంబరు రాసిన కార్డు పెట్టండి. పోలీసు పిలిస్తే ఆగాలనీ, చేతులు జేబులో పెట్టకూడదనీ చెప్పండి. కారు ఆపితే చేతులు స్టీరింగ్ మీదే ఉంచాలి, అడిగాకే కాగితాలు తీయాలి. మా పెద్దాయన ఇవే మాటలు తన కొడుక్కి పదేళ్ళ వయసులో చెప్పారట. మనం వీసా మీద వచ్చిన పెద్దవాళ్ళకు చెప్పేవి, వాళ్ళు ఇక్కడే పుట్టిన పసివాళ్ళకు చెప్పుకోవాలి. ఆ తేడా నాకు ఇప్పటికీ గుండెలో బరువుగా ఉంటుంది.

అలాగే మీ కాలనీ వాట్సాప్ గ్రూపులో డోర్ కెమెరా ఫొటో పెట్టి "ఎవరో అనుమానంగా ఉన్నాడు" అని రాసే ముందు ఆగండి. అతను ఏం చేశాడు? నడిచాడా, తలుపు కొట్టాడా, పార్సిల్ ఇచ్చాడా? చేసిన పని చెప్పలేకపోతే 911కి ఫోన్ చేయకండి. ఈ జార్జియాలోనే, 2020 ఫిబ్రవరిలో, బ్రన్స్‌విక్ దగ్గర జాగింగ్ చేస్తున్న అహ్మద్ ఆర్బరీ అనే నల్లజాతి యువకుణ్ణి దొంగ అనుకుని ముగ్గురు ట్రక్కుల్లో వెంటాడారు, ఒకడు కాల్చి చంపాడు.

మీకే అన్యాయం జరిగితే సర్దుకుపోకండి. ఉద్యోగంలో జాతి, రంగు, పుట్టిన దేశాన్నిబట్టి వివక్ష చూపితే 1964 పౌరహక్కుల చట్టం మీకూ వర్తిస్తుంది. జార్జియాలో ఈఈఓసీకి, అంటే ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థకు, 180 రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి. ఇంటి విషయమైతే ఫెడరల్ గృహ శాఖ హడ్‌కు ఏడాదిలోపు. తేదీలు, మెయిళ్ళు దాచుకోండి.

మొదటి నెలలో చూడాల్సినవి

స్టోన్ మౌంటెన్, అక్వేరియం తర్వాత చూడొచ్చు. ముందు ఆబర్న్ ఎవెన్యూకి వెళ్ళండి. కింగ్ పుట్టిన ఇల్లు, ఎబెనేజర్ చర్చి, ఆయన సమాధి ఒకే వీధిలో ఉన్నాయి, టికెట్ లేదు. ఇల్లు మరమ్మతులకు మూసి ఉండొచ్చు, వెళ్ళే ముందు నేషనల్ పార్క్ సైటులో చూసుకోండి. అక్కడ గాంధీ విగ్రహం దగ్గర మనవాళ్ళు ఫొటో దిగి వెనక్కి వచ్చేస్తుంటారు. లోపలికి వెళ్ళండి, రెండు గంటలు ఉండండి.

కమ్మింగ్‌లో కోర్టు దగ్గరికి పని మీద వెళ్తే రాబ్ ఎడ్వర్డ్స్ గుర్తుగా పెట్టిన ఫలకం ఉంది, రెండు నిమిషాలు ఆగి చదవండి.

ఆ తర్వాత ఒక శనివారం పిల్లల్ని తీసుకుని అలబామాలోని మాంట్‌గొమరీ వెళ్ళండి, కారులో రెండున్నర గంటలు. 2018లో తెరిచిన స్మారకం ఉంది అక్కడ. గుంపులు చంపినవారి కోసం కౌంటీకి ఒకటి చొప్పున 800కు పైగా ఉక్కు స్తంభాలు. మొదట మన ఎత్తులో ఉంటాయి, నడిచేకొద్దీ నేల కిందకు దిగుతుంది, స్తంభాలు తలపైన వేలాడుతుంటాయి. మా అమ్మాయి అప్పుడు ఆరో తరగతి. తన స్కూలు ఫారాల మీద రాసే కౌంటీ పేరు కోసం వెతికింది. దొరికాక దాని కింద నిలబడి చాలాసేపు తల పైకెత్తే ఉంది. తిరిగి వస్తుంటే దారంతా ప్రశ్నలే. కొన్నిటికి నా దగ్గర జవాబుల్లేక, సోమవారం మా పెద్దాయన్ని అడిగి చెప్తానన్నాను.