డిగ్రీ ఫస్టియర్‌కి ఫిజిక్స్ చెప్పబోతున్నారా?

మన విజయవాడ, గుంటూరు కాలేజీల్లో డిగ్రీలో చేరే పిల్లల్లో చాలామందికి ఇంటర్‌లో బట్టీ కొట్టిన ఫార్ములాలన్నీ నోటికొచ్చు. అందుకని మొదటి రోజే బోర్డు నింపేయకండి. సుద్దముక్కను నిటారుగా పైకి ఎగరేసి పట్టుకుని, "పైకొసన ఉన్న ఆ క్షణంలో దీని త్వరణం ఎంత?" అని అడగండి. చలన సమీకరణాలు గడగడా అప్పజెప్పే పిల్లలే సున్నా అంటారు. వెంటనే తప్పని చెప్పొద్దు. ఎవరి జవాబు వాళ్లను కాగితం మీద రాసుకోమని, రెండు నిమిషాలు పక్కవాళ్లతో వాదించుకోనిచ్చి, ఆ తర్వాత "నిజంగా సున్నా అయితే ఇది అక్కడే ఉండిపోవాలి కదా, కిందికెందుకొచ్చింది?" అనండి. వేగం సున్నా అయినా త్వరణం 9.8 మీ/సె² అలాగే ఉందన్నమాట వాళ్ల నోటే వస్తుంది. క్లాసులో సగం దీనికే పోతుంది, సిలబస్ టెన్షన్ ఎంతున్నా పోనివ్వండి.

ఇక పుస్తకం ఎంచుకోవడం. అట్ట, పేజీల లెక్క చూడకుండా నేరుగా న్యూటన్ మూడో నియమం దగ్గర తెరవండి. బల్ల మీద పెట్టిన పుస్తకానికి దాని బరువు చర్య, బల్ల పైకి తోసే బలం ప్రతిచర్య అని రాసుంటే అక్కడే పెట్టేయండి. ఆ రెండూ పుస్తకం మీదే పనిచేస్తాయి, చర్యా ప్రతిచర్యలేమో ఎప్పుడూ రెండు వేర్వేరు వస్తువుల మీద ఉంటాయి. భూమి పుస్తకాన్ని లాగుతుంది, పుస్తకం భూమిని అంతే బలంతో లాగుతుంది, అదీ జత. ఇదే తప్పున్న గైడు చూసి నేను రెండేళ్లు తప్పు చెప్పాను, ఆ పిల్లలు గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

నా మటుకు హాలిడే, రెస్నిక్ పుస్తకం మాస్టారి బల్ల మీద ఉండాలి. పునాది కదిలిన పిల్లలకి హెచ్.సి. వర్మ రాసిన 'కాన్సెప్ట్స్ ఆఫ్ ఫిజిక్స్' ఇవ్వండి, లెక్కల జోలికి పోకముందు అధ్యాయం చివరి చిన్న ప్రశ్నలు నోటితో చెప్పించండి. డబ్బు కష్టమైతే ఉచిత పాఠ్యపుస్తకాలు తెచ్చే ఓపెన్‌స్టాక్స్ వాళ్ల 'యూనివర్సిటీ ఫిజిక్స్' మూడు సంపుటాలూ నెట్‌లో ఉచితం. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ల పక్కన తెలుగు అకాడమీ పుస్తకం కూడా ఉండాలి, 'టార్క్' (బలం వస్తువును తిప్పే ప్రభావం) అంటే బిగుసుకుపోయే పిల్ల 'బలభ్రామకం' అనగానే తలూపుతుంది.

మెకానిక్స్‌కి పాత ఎడిషనైనా చాలు. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల్లో వెతకండి, కాకపోతే డబ్బులిచ్చే ముందు చివర జవాబుల పేజీలు చిరగకుండా ఉన్నాయో లేదో తిప్పి చూసుకోండి.