సీసీఎన్‌ఏ మళ్లీ రాద్దాం – 4వ పాఠం: ఫెయిలైన రిపోర్టు, తప్పుల పుస్తకం

సిస్కో ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్ష సీసీఎన్‌ఏలో పోయి, మళ్లీ రాసేవాళ్ల కోసం ఈ పాఠాలు. గత పాఠం చివర ఒక పని ఇచ్చాం. ఇప్పటిదాకా రాసిన ప్రతి అటెంప్ట్ స్కోర్ రిపోర్టునూ పరీక్ష నిర్వహించే పియర్సన్ వ్యూ అకౌంట్‌లోంచి తీసి పక్కపక్కన పెట్టుకోమన్నాం. ఒక్కసారే రాసినవాళ్ల దగ్గర ఒక్కటే ఉంటుంది, ఈ పాఠానికి అదీ చాలు. ఒక తెల్లకాగితం, పెన్ను కూడా దగ్గర పెట్టుకోండి.

రెండోసారో మూడోసారో పోయాక చాలామంది వీడియో కోర్సును మళ్లీ మొదటి నుంచి పెడతారు. ఓఎస్ఐ ఏడు లేయర్లు, కేబుళ్లు, ఐపీ అడ్రెసులు... అన్నీ తెలిసినట్టే ఉంటాయి, మనసుకు ధైర్యంగానూ ఉంటుంది. మూడు వారాలు గడిచేసరికి ఓపిక అయిపోతుంది, అసలు రాని పాఠాల దగ్గరికి వచ్చేసరికి పరీక్ష తేదీ నెత్తిమీదికి వస్తుంది. వచ్చినవి ఇంకా బాగా వస్తాయి, రానివి అలాగే ఉండిపోతాయి. మళ్లీ మళ్లీ పోవడానికి మాకు కనిపించే పెద్ద కారణం ఇదే. తెలివి తక్కువై కాదు, చదివే చోటు తప్పడం వల్ల. ఆ చోటు ఎక్కడో రిపోర్టే చెబుతుంది, దాన్ని చదవడం తెలియాలి.

రిపోర్టు చదవడం

పాస్ మార్కు ఎంతో సిస్కో ప్రకటించదు. కాబట్టి 'ఎన్ని మార్కుల్లో పోయింది' అన్న లెక్క పక్కన పెట్టండి. రిపోర్టులో ఆరు విభాగాల పేర్లు, వాటి పక్కన శాతాలు ఉంటాయి. ఈ ఆరింటికీ బరువు ఒకటి కాదు. 200-301 కోడున్న ఈ పరీక్షలో నెట్‌వర్క్ ఫండమెంటల్స్‌కు 20 శాతం, నెట్‌వర్క్ యాక్సెస్‌కు 20, ఐపీ కనెక్టివిటీకి 25, ఐపీ సర్వీసెస్‌కు 10, సెక్యూరిటీకి 15, ఆటోమేషన్‌కు 10. 2024 ఆగస్టు 20 నుంచి అమల్లోకి వచ్చిన 1.1 వెర్షన్‌లోనూ ఈ బరువులు మారలేదు.

ఒక రిపోర్టు ఊహించుకుందాం. ఫండమెంటల్స్ 70, యాక్సెస్ 45, కనెక్టివిటీ 56, సర్వీసెస్ 80, సెక్యూరిటీ 73, ఆటోమేషన్ 60. ప్రతి విభాగంలో పోయిన శాతాన్ని దాని బరువుతో గుణించి 100తో భాగించండి. యాక్సెస్‌లో పోయింది 55, బరువు 20, అంటే 11. కనెక్టివిటీలో పోయింది 44, బరువు 25, అదీ 11. ఫండమెంటల్స్‌లో 6, సెక్యూరిటీలో 4కి కొంచెం పైన, ఆటోమేషన్‌లో 4, సర్వీసెస్‌లో 2. మొత్తం నష్టం దాదాపు 38. అందులో 22 రెండు విభాగాల్లోనే పోయింది. ఈ రిపోర్టు చూసినవాళ్లు సాధారణంగా ఆటోమేషన్ పక్కనున్న 60ని చూసి కంగారుపడి జేసన్, రెస్ట్ ఏపీఐ పట్టుకుని కూర్చుంటారు. కొత్త సబ్జెక్టు కాబట్టి భయం అక్కడే ఎక్కువ. నష్టం మాత్రం యాక్సెస్‌లోని వీలాన్ (ఒకే స్విచ్‌ను వేర్వేరు నెట్‌వర్కులుగా విడదీయడం), ట్రంక్ (స్విచ్‌ల మధ్య చాలా వీలాన్లను మోసే లింకు), స్పానింగ్ ట్రీ (స్విచ్‌ల మధ్య లూపులు రాకుండా ఆపేది), కనెక్టివిటీలోని రూటింగ్ దగ్గరుంది.

ఇంకో జాగ్రత్త. 10 శాతం బరువున్న విభాగంలో వచ్చేవి పది ప్రశ్నలే అనుకుంటే, ఒక్క ప్రశ్న అటూ ఇటూ అయినా శాతం 10 మారిపోతుంది. అందుకే మొదటి అటెంప్ట్‌లో సర్వీసెస్ 80, రెండోసారి 60 వస్తే 'మర్చిపోయాను' అని బాధపడక్కర్లేదు. 20, 25 బరువున్న విభాగాలు రెండు రిపోర్టుల్లోనూ కిందే ఉన్నాయా, అది చూడండి. ఉంటే ఈ నెలంతా మీ పని అక్కడే.

తప్పుల పుస్తకం

విభాగం తెలిసింది. దాని లోపల ఏ రకం తప్పు చేస్తున్నారో తెలియాలి. 100 పేజీల నోట్‌బుక్ ఒకటి చాలు. ప్రాక్టీస్ టెస్టులో తప్పిన ప్రతి ప్రశ్నకూ నాలుగు ముక్కలు రాయండి: ఏ అంశం, నేనేం పెట్టాను, ఎందుకు అది సరైనదనిపించింది, అసలు నియమం ఏమిటి. మూడో ముక్క ముఖ్యం, చాలామంది వదిలేసేదీ అదే. సరైన జవాబు రాసుకుంటే అది గుర్తుంటుంది. మనల్ని తప్పుదారి పట్టించిన ఆలోచన మాత్రం లోపలే ఉండి, ప్రశ్న రూపం మారగానే మళ్లీ పైకొస్తుంది.

దగ్గరగా ఒకటి చూద్దాం. రూటింగ్ టేబుల్ చూపించే 'షో ఐపీ రూట్' కమాండ్ కొడితే రౌటర్‌లో ఈ మూడు దారులు కనిపించాయి. ఓఎస్‌పీఎఫ్, రిప్ రూటింగ్ ప్రోటోకాల్స్, స్టాటిక్ అంటే చేత్తో పెట్టిన దారి. స్లాష్ తర్వాతది మాస్క్, అంటే అడ్రెసులో ముందు నుంచి ఎన్ని బిట్లు కలవాలో. బ్రాకెట్లో మొదటి అంకె అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్, అంటే ఆ దారి చెప్పిన చోటును ఎంత నమ్మాలో, తక్కువైతే ఎక్కువ నమ్మకం:

ఓఎస్‌పీఎఫ్ – 10.10.0.0/16 [110/20], 192.168.1.1 ద్వారా
స్టాటిక్ – 10.10.8.0/22 [1/0], 192.168.1.2 ద్వారా
రిప్ – 10.10.10.0/24 [120/2], 192.168.1.3 ద్వారా

10.10.10.77కు వెళ్లే ప్యాకెట్ ఎటు పోతుంది? తప్పుచేసేవాళ్లలో ఎక్కువ మంది 192.168.1.2 అంటారు. పుస్తకంలో మూడో ముక్క ఇలా ఉంటుంది: 'స్టాటిక్‌కు అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ 1, అన్నిటికన్నా తక్కువ, అందుకే గెలుస్తుందనుకున్నాను.' ఈ వాక్యం రాయగానే తప్పు బయటపడుతుంది. అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ చూసేది ఒకే నెట్‌వర్క్, ఒకే మాస్క్ రెండు మూడు చోట్ల నుంచి తెలిసినప్పుడు, వాటిలో దేన్ని టేబుల్లో పెట్టాలో తేల్చడానికి. ఇక్కడ మాస్కులు వేరు, కాబట్టి మూడూ టేబుల్లోకి వచ్చేశాయి. ప్యాకెట్ పంపేటప్పుడు రౌటర్ చూసేది ఏ రూట్‌కు ఎక్కువ బిట్లు కలిశాయన్నదే. /24 గెలుస్తుంది, ప్యాకెట్ రిప్ చెప్పిన 192.168.1.3కు పోతుంది.

అదే టేబుల్‌తో ఇంకో రెండు మీరే చేయండి. 10.10.11.5 అయితే? /22 అంటే మూడో ఆక్టెట్‌లో మాస్క్ 252, బ్లాకు 256 – 252 = 4, అంటే 8 నుంచి 11 వరకు. 11 అందులో ఉంది, /24లో లేదు, కాబట్టి స్టాటిక్. 10.10.12.5 అయితే /22 కూడా దాటిపోయింది, మిగిలింది ఓఎస్‌పీఎఫ్. ఒక తప్పు నుంచి ఇలా మూడు ప్రశ్నలు తయారుచేసుకుంటేనే అది మళ్లీ రాదు.

పాత టెస్టునే నాలుగోసారి రాసి 95 శాతం తెచ్చుకుంటే దాన్ని నమ్మకండి. అక్కడ పనిచేసేది జవాబు జ్ఞాపకం. ప్రతి ప్రశ్నకూ మిగతా మూడు ఆప్షన్లు ఎందుకు తప్పో పైకి చెప్పగలిగితేనే అది మీకు వచ్చినట్టు.

చేత్తో చేసే ప్రశ్నలు

ల్యాబ్ ప్రశ్నల్లో పోయేవాళ్లు కమాండ్ తెలియక పోయేది తక్కువ, చేశాక సరిచూసుకోక పోయేదే ఎక్కువ. ఒక ఉదాహరణ. రెండు స్విచ్‌ల మధ్య ట్రంక్ మీద ఇప్పటికే వీలాన్ 10 పోతోంది, 20ని కూడా పంపమన్నారు. మీరు 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ 20' కొట్టారు. స్విచ్ ఏ ఎర్రరూ చూపించదు. కానీ పాత జాబితా పోయి, 20 ఒక్కటే మిగిలింది. వీలాన్ 10లో పీసీలకు పింగ్ ఆగిపోయింది. కొట్టాల్సింది 'అలౌడ్ వీలాన్ యాడ్ 20'. ఆ వెంటనే 'షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్' కొట్టి, ట్రంక్ మీద అనుమతించిన వీలాన్లు, వాటిలో యాక్టివ్‌గా ఉన్నవి, రెండు వరుసలూ చూడండి. మొదటి వరుసలో 20 ఉండి రెండో దాంట్లో లేకపోతే, ఆ స్విచ్‌లో వీలాన్ 20ని అసలు సృష్టించనే లేదని, లేదా అది షట్‌డౌన్‌లో ఉందని అర్థం.

ల్యాబ్‌లు చేసుకునే సిమ్యులేటర్ ప్యాకెట్ ట్రేసర్ సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో ఉచితంగా దొరుకుతుంది. ప్రతి ల్యాబ్‌నూ ఖాళీ ఫైలు నుంచి, నోట్సు మూసి, 12 నిమిషాల్లో చేయండి. సెకండ్‌హ్యాండ్ సిస్కో 2960 స్విచ్ మీద చేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: రైట్ ఎరేజ్ (సేవ్ చేసిన కాన్ఫిగరేషన్‌ను చెరిపే కమాండ్) చేసి రీలోడ్ చేసినా పాత వీలాన్లు పోవు, అవి ఫ్లాష్‌లో వీలాన్.డాట్ (vlan.dat) ఫైల్లో ఉంటాయి. దాన్నీ డిలీట్ చేశాకే రీలోడ్ చేయండి. లేకపోతే నిన్నటి వీలాన్లు ఇవాళ్టి తప్పును కప్పేస్తాయి.

పరీక్షకు 120 నిమిషాలు. వదిలిన ప్రశ్నకు మళ్లీ వెనక్కి రావడం కుదరదు. అందుకే మామూలు ప్రశ్నకు నిమిషంన్నర దాటనివ్వకండి, ఆ మిగిలే సమయమే ల్యాబ్‌లకు పనికొస్తుంది.

డంపుల సంగతి

రెండుసార్లు పోయినవాళ్ల దగ్గరికే డంపులు, అంటే అసలు పరీక్ష ప్రశ్నలను దొంగతనంగా బయటపెట్టిన జాబితాలు, ఎక్కువగా వస్తాయి. అమీర్‌పేటలో హాస్టల్ ఫీజు కట్టుకుంటూ చదివేవాళ్లకు ఇంకో నెలంటే ఇంకో నెల ఖర్చు, ఆ ఒత్తిడి మాకు అర్థమవుతుంది. అయినా వద్దనే చెబుతాం. పరీక్ష ముందు ఒప్పుకునే గోప్యతా ఒప్పందాన్ని అది ఉల్లంఘిస్తుంది, దొరికితే సర్టిఫికెట్ రద్దు చేయవచ్చు, ఇకపై రాయకుండా నిషేధించవచ్చు. దొరకకపోయినా, ఇంటర్వ్యూలో పై రూటింగ్ టేబుల్ ముందు పెడితే ఏం చెబుతారు?

మళ్లీ ఎప్పుడు బుక్ చేయాలి

నిబంధన ప్రకారం ఫెయిలైన మర్నాటి నుంచి ఐదు రోజులు ఆగాలి. సోమవారం పోతే ఆదివారం రాయొచ్చు. రాయొచ్చు కదా అని రాయకండి. ఫీజు 300 డాలర్లు, పైన పన్ను. మా కొలతలు ఇవి: పది సబ్‌నెట్టింగ్ (నెట్‌వర్క్‌ను చిన్న భాగాలుగా విడగొట్టే) లెక్కలు ఏడు నిమిషాల్లో ఒక్క తప్పూ లేకుండా, వరుసగా ఐదు ల్యాబ్‌లు నోట్సు చూడకుండా, ఎప్పుడూ చూడని కొత్త ప్రశ్నపత్రంలో 85 శాతం. మూడూ ఒకే వారంలో వస్తే ఆ రోజే స్లాట్ బుక్ చేయండి.

ఇంట్లో 'మళ్లీ ఎప్పుడు?' అని అడుగుతారు. తేదీ చెప్పి ఇరుక్కోకండి. 'ఈ రెండు విభాగాల్లో పోయింది, ఈ నెల వాటి మీదే కూర్చుంటున్నాను' అని రిపోర్టు చూపించి చెప్పండి. తేదీ తప్పితే వచ్చే మాటలకన్నా ఆ మాట మోయడం తేలిక.

ఈ వారం పని: మీ రిపోర్టుకు నష్టం లెక్క వేయండి. ఎక్కువ నష్టమున్న విభాగం నుంచి 30 ప్రశ్నలు రాసి, తప్పినవన్నీ నాలుగు ముక్కలతో పుస్తకంలో ఎక్కించండి. ట్రంక్ ల్యాబ్‌ను మూడుసార్లు చేయండి, మూడోసారి కావాలనే 'యాడ్' వదిలేసి ఏం పోయిందో చూడండి. 5వ పాఠంలో ఆ పుస్తకాన్నే ముందు పెట్టుకుని స్పానింగ్ ట్రీలో రూట్ బ్రిడ్జ్, రూట్ పోర్టు ఎంపిక మొదలుపెడతాం.