లూపస్ ఉన్నవాళ్లూ, ఆ రక్తాన్ని మాత్రల వేడి అనుకోకండి

మొన్న కావలి వైపు ఒకామెకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలింది. నలభై కూడా దాటలేదు. ఎన్నో ఏళ్లుగా లూపస్ (ఒంటి రోగనిరోధక శక్తి దారి తప్పి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు), ఒక్క పూట మందు తప్పని మనిషి. నెలసరి కాని రోజుల్లో రక్తం కనిపిస్తే మాత్రలు వేడి చేశాయనుకుంది. ఇంట్లో మజ్జిగ, సబ్జా గింజలు ఇచ్చారు. లూపస్ చూసే కీళ్ల డాక్టరుకు చెప్పాలంటే సిగ్గు, ఆడ డాక్టరు దగ్గరికి పోవాలంటే తీరిక లేదు. మా నెల్లూరు, ఒంగోలు వైపు ఈ కథ చాలాసార్లు విన్నా.

ఎండలో తిరగొద్దు, మందులు మానొద్దు అని మీకు ఇప్పటికే వందమంది చెప్పుంటారు. నేను చెప్పేది ఆ వేడి మాట గురించే.

ఈ క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ అనే వైరస్. చాలామందిలో ఒంటికున్న రోగనిరోధక శక్తే దాన్ని ఒకటి రెండేళ్లలో వదిలించేస్తుంది. లూపస్‌లో ఆ శక్తే గాడి తప్పి ఉంటుంది. పైగా లూపస్‌కు వాడే అజాథయోప్రిన్, మైకోఫినోలేట్ లాంటి మందులు దాన్ని ఇంకా అణచిపెడతాయి కాబట్టి వైరస్ తిష్ఠ వేస్తుంది. కిడ్నీకి పాకిన లూపస్‌కు ఎక్కించే సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు తీసుకున్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. యోని, బయటి భాగాల క్యాన్సర్ల ముప్పు కూడా ఎక్కువే. రొమ్ము, గర్భసంచి లోపొర క్యాన్సర్లు మాత్రం లూపస్ వాళ్లలో పెరిగినట్టు అధ్యయనాల్లో కనబడలేదు, కాబట్టి ఆ బెంగ పెట్టుకోకండి.

సైక్లోఫాస్ఫమైడ్ వల్ల కొందరికి ముప్ఫై అయిదుకే నెలసరి ఆగిపోతుంది. ఏడాది, రెండేళ్ల తర్వాత మళ్లీ రక్తం కనిపిస్తే "హమ్మయ్య, మళ్లీ మొదలైంది" అని సంతోషిస్తారు. నిజంగానే మొదలై ఉండొచ్చు. కానీ ఆ సంగతి చెప్పాల్సింది డాక్టరు, చూసి. ప్లేట్‌లెట్లు తగ్గినా, రక్తం పలచబడే మందు వాడినా రక్తం కనిపిస్తుంది నిజమే. అది కూడా పరీక్ష అయ్యాక అనుకోవాల్సిన మాట. ముందే అనుకుంటే వేడి కథే మళ్లీ.

పరీక్ష సంగతి. పీహెచ్‌సీలో 30 దాటినవాళ్లకు అయిదేళ్లకోసారి ముఖద్వారం చూసే లెక్క మామూలువాళ్లకు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు అంతవరకు ఆగకూడదు. దాంపత్యం మొదలైనవాళ్లు మొదట ఏడాదికోసారి పాప్ స్మియర్ (ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పరీక్ష) చేయించుకోవాలి. వరసగా 3 సార్లు బాగుంటే ఆ తర్వాత 3 ఏళ్లకోసారి. హెచ్‌పీవీ టీకాలో బతికున్న వైరస్ ఉండదు, లూపస్ ఉన్న ఆడపిల్లలకు వేయించొచ్చు. వాళ్లకు రెండు కాదు, 3 డోసులు.

మా జిల్లాల్లో ఇంకో జబ్బుంది: కాస్త రక్తం ఎక్కువైతే చాలు, గర్భసంచి తీసేయమనడం. ముఖద్వారం పరీక్ష కాకుండా ఒప్పుకోకండి. లోపల క్యాన్సర్ ఉండి మామూలు ఆపరేషన్ చేసేస్తే తర్వాతి వైద్యం చిక్కుల్లో పడుతుంది.

ఇక వరసగా చెప్పేస్తా.

భర్తతో కలిసినప్పుడు రక్తం పడితే ఆ వారంలోనే వెళ్లండి.
దుర్వాసనతో తెల్లబట్ట అయితే మందుల షాపులో బిళ్లలు కొనకండి.
రక్తం ఆగే మాత్రలు పక్కింటామె మాట విని వేసుకోకండి.
మూత్రంలో రక్తమా, యోని నుంచా అన్నది తేల్చుకోండి. సైక్లోఫాస్ఫమైడ్ మూత్రాశయానికి కూడా చేటు చేస్తుంది.
ఆ మందు ఎన్ని డోసులు ఎక్కించారో ఫైల్లో రాయించుకోండి.
ఆడ డాక్టరుకు లూపస్ మందుల చీటీ చూపించండి. కీళ్ల డాక్టరుకు రక్తం సంగతి చెప్పండి. సిగ్గుపడితే రాసి ఇవ్వండి.
పొగ తాగే అలవాటుంటే మానండి.
పాప్ స్మియర్‌లో తేడా వచ్చిందని లూపస్ మందులు మీరే ఆపొద్దు.
వేడి అనే మాట ఎవరన్నా, అత్తగారన్నా సరే, పరీక్ష అయ్యేదాకా వినొద్దు.
రిపోర్టు కోసం వాళ్లే ఫోన్ చేస్తారని కూర్చోకండి. వెళ్లి తెచ్చుకుని ఇద్దరు డాక్టర్లకూ చూపించండి.