వేసవి కటింగుకి ముందు: భయస్తుడైన కుక్క ఉన్నవాళ్లకి జాగ్రత్తలు

మార్చి ఎండలు మొదలవగానే హైదరాబాద్‌లో, విజయవాడలో పెట్ పార్లర్లకి ఫోన్లు ఎక్కువవుతాయి. షీట్జూలు, గోల్డెన్లు, పామరేనియన్లు అన్నీ ఒకేసారి క్యూ కడతాయి. ఆదివారం వెళ్తే లోపల రెండు డ్రయ్యర్లు రొద పెడుతుంటాయి, మూల బోనులో ఏదో కుక్క ఆపకుండా మొరుగుతుంటుంది, ఘాటు షాంపూ వాసన, చుట్టూ తెలియని మనుషులు. మనకి 20,000 హెర్ట్జ్ దాటితే శబ్దం వినిపించదు, కుక్కకి 40,000 దాటినా వినిపిస్తుంది. ఆ డ్రయ్యర్ దానికెలా ఉంటుందో ఊహించుకోండి. ధైర్యమున్న కుక్కకే అది చిరాకు, కాలింగ్‌బెల్ మోగితే మంచం కిందకి దూరే రకమైతే ఇక చెప్పక్కర్లేదు.

అలాంటి కుక్క మీ ఇంట్లో ఉంటే నా సలహా ఒక్కటే, మొదటిసారి కటింగు పూర్తి కాకపోయినా పర్లేదనుకుని వెళ్లండి. రెండోసారి కూడా ఆ గుమ్మం దాటి తన కాళ్ల మీద లోపలికి వస్తే అదే పెద్ద విజయం. దీనికో చిన్న చిట్కా ఉంది. ముందే గ్రూమర్‌తో (అంటే కటింగు చేసే మనిషితో) "సగంలో ఆపేయాల్సి వస్తే ఆపేయండి, డబ్బులు మాత్రం పూర్తిగా ఇస్తాను" అని చెప్పండి. చాలా చోట్ల వాళ్లకి కుక్కకింత అని లెక్క, బయట ఇంకో రెండు కుక్కలు వెయిట్ చేస్తుంటాయి, ఎలాగోలా ముగించాలనే తొందరలో గట్టిగా అదిమి పట్టుకుంటారు. డబ్బుల బెంగ లేదని తెలిస్తే ఆ చేతుల పట్టు మారుతుంది. సగం కటింగుతో ఇంటికొస్తే అపార్ట్‌మెంట్‌లో పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి, జుట్టు పెరుగుతుంది.

అపాయింట్‌మెంట్ వారం మధ్యలో, పొద్దున్నే మొదటి స్లాట్ అడగండి. అప్పుడు రద్దీ ఉండదు, గ్రూమర్‌కి ఓపికా ఉంటుంది. ఫోన్లోనే ఇంకొన్ని అడిగేయండి: డ్రయ్యర్ చేత్తో పట్టుకుని ఆరబెడతారా, లేక బోనులో పెట్టి వేడిగాలి వదిలేస్తారా? టేబుల్ మీద మెడకి లూప్ వేసి కట్టినప్పుడు మనిషి పక్కనే ఉంటాడా? నేను లోపల ఉండొచ్చా? బోను డ్రయ్యర్ అంటే పగ్‌లు, షీట్జూల్లాంటి చప్పిడి ముక్కు కుక్కలున్నవాళ్లు ఆ చోటు మర్చిపోవడమే మంచిది. ఆ కుక్కలు రొప్పి ఒంటి వేడి తగ్గించుకోవడంలో బలహీనం, పైగా భయంతో ఇంకా రొప్పుతాయి, వడదెబ్బ తగలడానికి ఎక్కువసేపు పట్టదు. మెడకి లూప్ వేసి ఫోన్ మాట్లాడ్డానికి బయటికెళ్లే చోటికి ఏ కుక్కనీ తీసుకెళ్లకూడదు. భయంతో టేబుల్ మీంచి దూకితే అది ఉరితాడే.

ఫోన్లో మీరు నిజం చెప్పాల్సింది కూడా ఒకటుంది. "మావాడు ఎవర్నీ ఏమీ అనడండీ" అనే మాట గ్రూమర్లు రోజూ వింటారు, అన్న పది నిమిషాలకి కరిపించుకుంటారు కూడా. ఇంతకుముందు పళ్లు చూపించాడా, కాళ్లు పట్టుకుంటే ఒప్పుకోడా, చెవి ముట్టుకుంటే తిరగబడతాడా, ఉన్నదున్నట్టు చెప్పండి. వీధికుక్కని తెచ్చి పెంచుకుంటున్నట్టయితే, చెవి అంచు కొద్దిగా కత్తిరించి ఉంటే, దాన్ని ఒకప్పుడు పట్టుకుని పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదిలారని అర్థం. వల, వ్యాను, బోను, కొత్త మనుషులు, ఇవన్నీ దానికి చేదు జ్ఞాపకాలు అయ్యుండొచ్చు. నిజానికి పొట్టి జుట్టున్న మన దేశీ కుక్కకి పార్లర్‌తో పెద్ద పనే లేదు. స్నానం, గోళ్లు ఇంట్లోనే నెమ్మదిగా అలవాటు చేస్తే సరిపోతుంది.

ఇంటి దగ్గర తయారీ కనీసం రెండు మూడు వారాల ముందు మొదలవ్వాలి. అన్నిటికంటే ఎక్కువ పని ఇక్కడే. రోజూ ఐదు నిమిషాలు చాలు. పాదం పట్టుకోండి, వదలండి, ఉడికించిన చికెన్ ముక్క పెట్టండి (ఉప్పు, కారం, మసాలా ఏమీ వద్దు). మరుసటి రోజు వేళ్ల మధ్య నొక్కండి, మళ్లీ ముక్క. చెవి, గడ్డం, తోక మొదలు, అన్నీ ఇలాగే, కానీ అది కాలు లాక్కుంటే మీరు వదిలేయాలి, పట్టుకుని గెలవాలని చూస్తే చేసిందంతా వృథా. తర్వాత శబ్దం. ఇంట్లో గడ్డం ట్రిమ్మర్ ఉంటే పక్క గదిలో ఆన్ చేసి ఇక్కడ అన్నం పెట్టండి, రోజు రోజుకీ కొంచెం దగ్గరికి తీసుకురండి, ఎప్పుడు తినడం ఆపేస్తే అప్పుడు శబ్దం మరీ దగ్గరైపోయిందని లెక్క, ఒక అడుగు వెనక్కెళ్లండి. చివరికి ఆన్ చేసిన ట్రిమ్మర్ వెనక భాగం భుజానికి ఆనించినా పట్టించుకోని స్థితికి రావాలి. జారే టేబుల్ మీద కాళ్లు నిలవకపోవడం కూడా పెద్ద భయమే, కాబట్టి ఇంట్లో ఒక రబ్బరు మ్యాట్ మీద నిలబెట్టి ట్రీట్లు పెట్టి, అదే మ్యాట్ పార్లర్‌కి పట్టుకెళ్లండి. కుదిరితే ఒకరోజు ఊరికే తీసుకెళ్లి, గ్రూమర్ చేత్తో రెండు ముక్కలు తినిపించి, ఏమీ చేయించకుండా తిరిగొచ్చేయండి.

జుట్టు జడలు కట్టనివ్వకండి. చెవుల వెనక, చంకల్లో, బెల్టు కింద ఉండలు కడితే దువ్వెన పెట్టిన ప్రతిసారీ చర్మం లాగినట్టవుతుంది, పార్లర్ అంటేనే నొప్పి అని కుక్క గుర్తుపెట్టుకుంటుంది. ఇప్పటికే కట్టేసి ఉంటే చిక్కు తీయించకండి, ఆ చోట పొట్టిగా తీసేయమనండి. అలాగని హస్కీ, గోల్డెన్, జర్మన్ షెపర్డ్, పామరేనియన్‌లాంటి రెండు పొరల జుట్టున్న వాటికి ఎండాకాలమని గుండు కొట్టించొద్దు. లోపలి పొర దువ్వి తీయిస్తే చాలు. గుండు చేస్తే ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది, కొన్నిటికి జుట్టు మళ్లీ సరిగ్గా రాదు కూడా.

ఇక మందులు. పార్లర్‌లో "ఒక టాబ్లెట్ వేస్తే పడుకుంటుందండీ" అంటే అక్కడి నుంచి వచ్చేయండి. ఇంట్లో ఉన్న ఎవిల్ (అలర్జీ మాత్ర), నిద్రమాత్రలు సొంతంగా వేయడమూ అంతే ప్రమాదం. భయం మరీ ఎక్కువైతే పశువుల డాక్టర్ బరువు చూసి గబాపెంటిన్, ట్రాజడోన్‌లాంటివి రాస్తారు, అవి కూడా అసలు రోజుకి ముందు ఇంట్లో ఒకసారి వేసి ఎలా ఉంటోందో చూసుకోవాలి. కొన్ని పాత మత్తుమందులు ఒంటిని కదలనివ్వవు కానీ లోపల భయం అలాగే ఉంచుతాయి, చూసేవాళ్లకి మాత్రం కుక్క బుద్ధిగా ఉన్నట్టు కనిపిస్తుంది. భయం అంత ఎక్కువున్న కుక్కకి ఆసుపత్రిలోనే, డాక్టర్ ముందే కటింగ్ చేయించడం మేలు.

వెళ్లే రోజు మూడు నాలుగు గంటల ముందే తేలికగా తినిపించండి, బయట నడిపించి ఒంటికి రెంటికి కానివ్వండి. రేబిస్ టీకా కార్డు బ్యాగులో పెట్టుకోండి. భయపడ్డ కుక్క తల వెనక్కి లాగి బెల్టులోంచి ఇట్టే జారిపోతుంది, అందుకని ఒంటికి హార్నెస్ (ఛాతీ చుట్టూ వచ్చే పట్టీ) వేసి చైను దానికి తగిలించండి. పార్లర్ ముందు ట్రాఫిక్ రోడ్డు ఉంటుందని మర్చిపోకండి. పిడుదులకి మెడ మీద చుక్కల మందు వేసి రెండు రోజులు కాకపోతే స్నానం వాయిదా వేయండి.

టేబుల్ మీద ఉన్నప్పుడు మీ కళ్లు కుక్క మీదే ఉండాలి, ఫోన్ మీద కాదు. ఊరికే ఆవలించడం, పెదాలు నాక్కోవడం, కంట్లో తెల్లగుడ్డు కనిపించేలా ఓరచూపు చూడటం, తోక కాళ్ల మధ్యకి పోవడం, ఇవన్నీ "నావల్ల కావట్లేదు" అనడమే. ఒక్కసారిగా బిగుసుకుపోయి కదలకుండా నిలబడితే "చూశారా, అలవాటైపోయింది" అని సంబరపడకండి, కాటుకి ముందు వచ్చే గుర్తు అది. చేతులు తీసేయమనండి, రెండు నిమిషాలు ఆగండి. గుర్రుమంటే కొట్టొద్దు, తిట్టొద్దు. తిట్టి గుర్రుమనడం మానిపిస్తే తర్వాత హెచ్చరిక లేకుండా కరుస్తుంది, అప్పుడు గ్రూమర్‌కి తప్పుకునే వీలే ఉండదు. దగ్గరకి తీసుకుని నిమిరితే భయం ఇంకా పెరుగుతుందని కొందరంటారు, అది నిజం కాదు, నిమరండి. కాకపోతే కొన్ని కుక్కలు యజమాని కనిపిస్తే ఒళ్లోకి దూకాలని ఇంకా గింజుకుంటాయి, మీది ఆ రకమైతే తలుపు అవతల ఉండండి.

మజిల్ (కరవకుండా మూతికి వేసే తొడుగు) అవమానమేమీ కాదు. అయితే నోరు తెరిచి రొప్పడానికి, ట్రీట్ తినడానికి వీలుండే బుట్టలాంటిదే కావాలి, నోరు బిగించే గుడ్డ మజిల్ వేసి అరగంట డ్రయ్యర్ ముందు నిలబెట్టడం ప్రాణం మీదకి తెస్తుంది. దాన్నీ ఇంట్లోనే, లోపల కొంచెం పెరుగు రాసి అలవాటు చేయండి.

ఇంత చేసినా ఎవరినైనా కరిస్తే, గాయాన్ని కొళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగించండి, పసుపు, సున్నం, కారం ఏవీ పూయనివ్వకండి. కుక్కకి టీకా ఉందా లేదా అని వాదించుకుంటూ కూర్చోకుండా ఆ మనిషిని అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఖర్చు మీరే పెట్టుకోండి.

ఇంటికొచ్చాక చెవుల లోపల, పొట్ట కింద, వేళ్ల మధ్య చూడండి. క్లిప్పర్ బ్లేడు వేడెక్కితే చర్మం ఎర్రగా కందుతుంది. మరుసటి రోజు కూడా తల విదిలిస్తూ ఉంటే చెవిలోకి నీళ్లు పోయి ఉండొచ్చు. ఇన్నాళ్లూ హాయిగా కటింగ్ చేయించుకున్న పెద్ద వయసు కుక్క ఈ ఏడు ఉన్నట్టుండి తిరగబడితే మాత్రం గ్రూమర్‌ని మార్చే ముందు డాక్టర్‌కి చూపించండి, కీళ్ల నొప్పో, పంటి నొప్పో, చెవిలో ఇన్‌ఫెక్షనో ఉండే అవకాశమే ఎక్కువ.