బాక్సు మూత తీయగలడా? ఎల్‌కేజీకి పోయే పిల్లలకు ముందుగా నేర్పాల్సినవి

జూన్ రెండో వారంలో బడి తెరిచేసరికి పిల్లవాడికి ఏబీసీడీలు వచ్చా అని అందరూ అడుగుతారు. బాక్సు మూత తీయగలడా, ఒంటికి వస్తే నోరు తెరిచి చెప్పగలడా అని అడిగేవాళ్లు తక్కువ. క్లాసులో ముప్పై మంది ఉంటే టీచరూ ఆయమ్మా కలిసి ముప్పై మూతలు తీసేలోపు భోజనం టైము సగం కరిగిపోతుంది. ఆకలితో కూర్చున్న పిల్లకు మధ్యాహ్నం ఏం చెప్పినా తలకెక్కదు. అందుకే ముందు చేతిపని, తర్వాత మాట, ఆ తర్వాతే పలక.

చివరి మెట్టు పిల్లలకు వదలండి

ఏ పనైనా మొదటి నుంచి నేర్పితే పిల్లలు సగంలో ఇరుక్కుని ఏడుస్తారు, మిగతాది మనం చేసి పెడతాం. దాంతో వాళ్లకు మిగిలేది ‘నాకు రాదు’ అన్న గుర్తే. తిరగేసి నేర్పండి. నిక్కరు తొడిగేటప్పుడు తుంటి దాకా మీరు లాగి, నడుము మీదికి లాగే చివరి పని వాళ్లకు వదలండి. నాలుగు రోజులయ్యాక మోకాళ్ల దగ్గరే ఆపండి. ఇంకో వారానికి కాళ్లు దూర్చడం తప్ప అంతా వాళ్లదే. ప్రతిసారీ పని పూర్తయ్యేది వాళ్ల చేతిలోనే కాబట్టి పేచీ తగ్గుతుంది.

చొక్కా గుండీలు కింది నుంచి మొదలుపెట్టాలి. కింది గుండీ కంటికి కనిపిస్తుంది, గొంతు దగ్గరిది కనిపించదు. వాళ్ల ఒంటి మీద కంటే ముందు తాత చొక్కా ఒకటి నేల మీద పరిచి నేర్పడం సులువు. గుండీని సగం వరకు కాజాలోకి మీరు దూర్చండి, అవతలి వైపు నుంచి లాగడం పిల్లలు చేస్తారు. అది వచ్చాక దూర్చడం కూడా వాళ్లకే.

యూనిఫాంలో అసలు చిక్కు బెల్టుతో వస్తుంది. చాలామంది పిల్లలు నిక్కరు తడుపుకునేది టాయిలెట్ తెలియక కాదు, బెల్టు ఊడక. బడివాళ్లతో మాట్లాడి ఎల్‌కేజీ అయ్యేదాకా బెల్టు మాన్పించండి. కుదరదంటే ముందువైపు నొక్కి తీసే క్లిప్పు బెల్టు కొని, నిక్కరు వెనక టైలరుతో ఎలాస్టిక్ వేయించండి.

బూట్లు లేసులవి వద్దు, అంటించే పట్టీవి చాలు. ఎడమ కుడి తెలియడానికి ఒక బొమ్మ స్టిక్కరును నిలువునా రెండుగా కత్తిరించి, ఎడమ సగం ఎడమ బూటులో, కుడి సగం కుడి బూటులో లోపలి అంచులకు అంటించండి. పక్కపక్కన పెట్టినప్పుడు బొమ్మ కలిస్తే సరిగ్గా ఉన్నట్టు.

బాక్సు, నీళ్లసీసా

కొనేటప్పుడు పిల్లను దుకాణానికి తీసుకెళ్లి అక్కడే తీయించి చూడండి. పక్కలకు రెండు క్లిప్పులున్న బాక్సు నయం. రబ్బరు రింగు ఉన్న మూతలతో ఒక ఇబ్బంది ఉంది. పొయ్యి మీది నుంచి దించిన అన్నం వేడివేడిగా పెట్టి మూత బిగిస్తే, లోపలి ఆవిరి చల్లారి నీరై, మూత లోపలికి పీల్చుకుంటుంది. పన్నెండింటికి పెద్దవాళ్లకే రాదు. పది నిమిషాలు ఆరబెట్టి మూయండి. సీసా అరలీటరుది చాలు, అదే అరకిలో బరువు. మార్చి నుంచి మన ఎండలకు అది చాలదు కాబట్టి బడిలో మళ్లీ నింపుకోవడం కూడా నేర్పండి.

ఏం పెట్టాలన్నది కూడా ఇందులో భాగమే. చిత్రాన్నం పొడిపొడిగా ఉంటే సగం ఒళ్లో పడుతుంది, కాస్త మెత్తగా కలపండి. బొరుగులతో చేసే ఉగ్గానికి చెంచా ఇవ్వండి. ఇడ్లీ ముక్కలు చేత్తో తినడానికి హాయి. సంగటి మాత్రం బాక్సులో గట్టిపడుతుంది, దాన్ని ఇంటికే ఉంచుకోండి. ఇంట్లో అదే మంచి పాఠం: చిన్న ముద్ద తుంచి, పప్పులో అద్ది నోట పెట్టుకోవడం అన్నం కలుపుకోవడం కంటే ముందే వస్తుంది.

జేజి గానీ అవ్వ గానీ కలిపి, సెల్లులో బొమ్మలు చూపిస్తూ తినిపించే ఇళ్లలో ఒక్కసారిగా మానమంటే ఇల్లంతా రణరంగమే. రోజుకు ఒక్క పూట, సాయంత్రం తిండి మాత్రం, సొంత చేత్తో అని ఒప్పందం చేసుకోండి. ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి, కింద చాప, చాప మీద పాత గుడ్డ. తిన్నంత తిననీండి, మిగిలితే తీసేయండి. వెంటపడి తినిపిస్తే మర్నాటికి మళ్లీ మొదటికే వస్తారు.

అంగన్‌వాడీకి పోయే పిల్లలైతే అక్కడ ఇచ్చే ఉడకబెట్టిన గుడ్డు పెంకు వాళ్లనే ఒలవమనండి. గుడ్డును నేల మీద దొర్లించి పగలగొట్టి, వెడల్పు కొస నుంచి మొదలుపెడితే పెంకు సులువుగా వస్తుంది, అక్కడ లోపల గాలి సంచి ఉంటుంది కాబట్టి.

టాయిలెట్

బడి మొదలయ్యే ముందే వెళ్లి అక్కడి టాయిలెట్ ఏ రకమో చూసి రండి. ఇంట్లో వెస్టర్న్ ఉండి బడిలో మామూలుది ఉంటే గొంతుక్కూర్చోవడం అలవాటు లేక పిల్లలు ఆపుకుంటారు. వేసవి సెలవుల్లో రోజూ ఆ తీరున కూర్చోబెట్టండి. అడగడానికి ఒకే మాట నేర్పండి. ఇంట్లో ‘ఒంటికి’ అని, బడిలో ఇంగ్లిషు వాక్యం అని రెండు పెడితే అవసరమైన క్షణాన ఏదీ రాదు. ‘మేడం, టాయిలెట్’ అంటే చాలు. టీచర్లూ, పూర్తి వాక్యం చెప్పేదాకా పంపను అనకండి. చేతులు సబ్బుతో కడిగేటప్పుడు ఒకటి నుంచి ఇరవై దాకా నిదానంగా లెక్కపెట్టిస్తే కడగాల్సినంత సేపూ కడిగినట్టే, అంకెలూ వచ్చినట్టే.

ఇవేవీ పొద్దున ఎనిమిదింటికి, ఆటో హారన్ కొడుతుంటే నేర్పేవి కావు. సాయంత్రమో ఆదివారమో కూర్చోండి. పిల్ల తడబడితే మనసులో పది లెక్కపెట్టి అప్పుడు చెయ్యి వేయండి. పదిలో ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు పని అయిపోయి ఉంటుంది.

గేటు దగ్గర

మొదటి రెండు వారాలు ఏడుపు మామూలే. కళ్లు గప్పి జారుకోవద్దు, మర్నాడు మీ కొంగు వదలరు. ‘అన్నం తిని, కాసేపు పడుకుని లేచినాక వస్తా’ అని వాళ్లకు తెలిసిన పనులతో టైము చెప్పండి, చెప్పినట్టే రండి. ఇంట్లో అల్లరి చేస్తే ‘మీ మేడానికి చెప్తా’ అని బెదిరించడం మానాలి. భయపడే మనిషి దగ్గరికి ఏ పిల్లా నవ్వుతూ పోదు.

ఈ వయసుకు పగలూ రాత్రీ కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. పొద్దున ఆరున్నరకు లేవాలంటే రాత్రి తొమ్మిదికల్లా దీపం ఆర్పాలి.

వేళ్లకు బలం, ఆ తర్వాత అక్షరం

పెన్సిల్ పట్టు కుదరకపోతే తిట్టి లాభం లేదు, వేళ్లలో ఇంకా బలం రాలేదని అర్థం. మన రాయలసీమలో దీనికి చెనిక్కాయలకు (వేరుశనగ కాయలకు) మించిన సాధనం లేదు. కాయ ముక్కు వైపును బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నొక్కమనండి. ముందు ఉడకబెట్టినవి, వారం తర్వాత వేయించినవి. పచ్చి ఎండు కాయలు గట్టిగా ఉంటాయి, అప్పుడే వద్దు. ఒక పూటకు పది కాయలు. ఒలిచాక ఒక గింజవి, రెండు గింజలవి, మూడు గింజలవి మూడు గిన్నెల్లో వేయిస్తే లెక్కల పాఠం కూడా అదే. ఒకటి గుర్తుంచుకోండి: ఒలవడం పిల్లలది, తినడానికి ఐదేళ్లు నిండేదాకా దంచి పొడి చేసే ఇవ్వాలి. గింజ గొంతులో అడ్డుపడుతుంది. చెనిక్కాయలైనా చింతగింజలైనా ఇచ్చి పిల్లలను ఒంటరిగా వదిలిపోవద్దు, ముక్కులో దూర్చుకుంటారు. దూర్చుకుంటే పుల్లతో తీయబోకండి, ఇంకా లోపలికి పోతుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంట్లో కడప బండలు పరిచి ఉంటే పెద్ద పలక దొరికినట్టే. చాక్‌పీసును అంగుళం ముక్కలుగా విరవండి. పొడుగు ముక్కను పిడికిలితో పట్టుకుంటారు, అంగుళం ముక్కను మూడు వేళ్లతో తప్ప పట్టలేరు. వేసవిలో చాక్‌పీసు కూడా అక్కర్లేదు. నీళ్లలో ముంచిన బ్రష్షుతో వాకిట్లో బండ మీద గీతలు గీయిస్తే నిమిషంలో ఆరిపోతాయి, తప్పు గీసినా తుడిచే పని లేదు. నిలువు గీత, అడ్డగీత, ఏటవాలు గీత, సున్న, ఆ తర్వాత ముగ్గులోలా చుక్క చుట్టూ మెలిక తిప్పడం. ఇదంతా తీరిగ్గా మూడు నెలల పని.

అక్షరాలు ‘అ’తోనే మొదలుపెట్టాలన్న పట్టుదల రాతకు చేటు. పలకడానికి అ, ఆ వరసే బాగుంటుంది, రాయడానికి మాత్రం ‘అ’లో మెలికలు ఎక్కువ. సున్నకు తలకట్టు పెడితే ‘ర’ అవుతుంది, అక్కడ మొదలుపెట్టండి. ‘ప’ వచ్చిందంటే ‘ష’, ‘ఫ’ దానికి చుట్టాలే. 2020 జాతీయ విద్యావిధానం 3 నుంచి 8 ఏళ్ల దాకా ఒకే పునాది దశగా పెట్టింది, రెండో తరగతి కూడా అందులోదే. ఎల్‌కేజీలో పేజీలకు పేజీలు కాపీ రాయించే హోంవర్కు ఎందుకో బడివాళ్లను అడగండి.

అంకెలు నూరు దాకా పాటలా అప్పజెప్పడం వేరు, ఏడు చింతగింజలు తెమ్మంటే ఏడే తేవడం వేరు. రెండోదే లెక్క. రాత్రి భోజనానికి ‘ఎందరం ఉన్నాం, ఎన్ని ప్లేట్లు కావాల?’ అని వాళ్లతోనే తెప్పించండి.

ఇంగ్లిషు మీడియం బడి కదా అని ఇంట్లో ముక్కల ఇంగ్లిషు మాట్లాడకండి. ఇంట్లో తెలుగైతే తెలుగు, కర్నూలు, కడపల్లో ఉర్దూ ఇళ్లయితే ఉర్దూ, రాయదుర్గం వైపు కన్నడమైతే కన్నడం, నిండు వాక్యాలతో మాట్లాడండి. ఒక భాషలో విషయం తెలిసిన పిల్లకు రెండో భాషలో పేరు మాత్రం నేర్చుకుంటే సరిపోతుంది. ‘యాడికి పోతాండావు’ అన్న పిల్లను చూసి క్లాసులో నవ్వనివ్వకండి. నవ్వితే ఆ పిల్ల మళ్లీ నోరు తెరవదు.

బడిలో చేయగలిగినవి

బ్యాగుల కొక్కేలు నేల నుంచి 75, 80 సెంటీమీటర్ల ఎత్తులో కొట్టించండి. పేరు బదులు ఒక్కొక్కరికి ఒక బొమ్మ: మామిడికాయ, కోడి, బస్సు. పేర్లు చదవలేకపోయినా బొమ్మను మరిచిపోరు. ఆఖరి గంటకు పావుగంట ముందే సర్దడం మొదలుపెడితేనే బూట్లు వాళ్లే వేసుకునే వీలు. ఒకసారికి ఒకే మాట చెప్పండి. ‘పుస్తకం మూసి, సంచిలో పెట్టి, లైనులో నిలబడండి’ అంటే చివరిది మాత్రమే వినబడుతుంది. అసలు 2020 స్కూలు బ్యాగు పాలసీ ప్రకారం ప్రీప్రైమరీ పిల్లలకు బ్యాగే ఉండకూడదు. బాక్సు, సీసా, ఒక జత మార్చుకునే బట్టలు పట్టే గుడ్డసంచి చాలు.

వెనకబడ్డాడని తిట్టే ముందు కొన్ని చూడండి. వెనక నుంచి పిలిస్తే తిరగడం లేదా? బొమ్మల పుస్తకం ముక్కుకు ఆనించి చూస్తాడా? నాలుగేళ్లు దాటినా ఇంటివాళ్లకు తప్ప బయటివాళ్లకు మాట అర్థం కావడం లేదా? వీటిలో ఏది ఉన్నా పిల్లల డాక్టరుకు చూపించాలి, మండలంలోని భవిత కేంద్రంలోనూ (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే కేంద్రం) అడగవచ్చు. బలపం, మట్టి, గోడ సున్నం తినే పిల్లలనైతే కొట్టకండి. చాలాసార్లు అది ఒంట్లో ఐరన్ తక్కువైన గుర్తు. రక్తపరీక్ష చేయించండి, అప్పటిదాకా బలపం తీసేసి చాక్‌పీసూ దగ్గరుండే ఇవ్వండి.